'పునాది లేదు' అనే నెపం

డిగ్రీ కళాశాలల్లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మొదటి సెమిస్టరు ఫలితాలు వెలువడిన ప్రతిసారీ అధ్యాపకుల గదుల్లోనూ మూల్యాంకన కేంద్రాల్లోనూ ఒకే తీర్పు వినబడుతుంది: పిల్లలకు పునాది లేదు, ఇంటర్మీడియెట్ అంతా బట్టీ మీద నడిచింది, ఇంజినీరింగులోనో వైద్యంలోనో సీటు దొరకనివారే బీఎస్సీలో చేరుతున్నారు, కనుక పరీక్ష తప్పడంలో వింత ఏమీ లేదు. ఈ తీర్పును తల్లిదండ్రులు నమ్ముతారు, యాజమాన్యాలు నమ్ముతాయి, రెండు మూడు బ్యాక్‌లాగులు పడేసరికి విద్యార్థి కూడా నమ్మేస్తాడు. దీనికే కాస్త గౌరవప్రదమైన రూపం మరొకటి ఉంది. శాస్త్రం, గణితం అందరికీ అబ్బే విద్యలు కావనీ, మొదటి ఏడాది కోర్సుల పని అర్హులను వడపోసి నిలపడమేననీ, ఎక్కువమంది తప్పిన కోర్సే ప్రమాణం గల కోర్సనీ వాదించేవారు ఇక్కడే కాదు, అమెరికా విశ్వవిద్యాలయాల్లోనూ తరతరాలుగా ఉన్నారు. అక్కడ అలాంటివాటికి 'కలుపుతీత కోర్సులు' అన్న పేరే స్థిరపడింది.

ఈ అభిప్రాయం ఇంతకాలం చెలామణి అయింది రుజువు కావడం వల్ల కాదు, దాన్ని ఎవరూ పరీక్షకు నిలపలేని విధంగా అమర్చుకోవడం వల్ల. నెగ్గిన విద్యార్థి బోధన బాగుందనడానికి సాక్ష్యం, తప్పిన విద్యార్థి పునాది లేదనడానికి సాక్ష్యం అయినప్పుడు, ఏ ఫలితం వచ్చినా బోధన మాత్రం బోనెక్కదు. అయితే గత యాభై ఏళ్లలో ఈ అభిప్రాయాన్ని నిజంగానే పరీక్షకు నిలిపినవారు ఉన్నారు. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం అమెరికాలో, కెనడాలో జరిగినవే. కానీ అవి పరీక్షించిన వాదం ఏ ఒక్క దేశానిదీ కాదు, కనుక అక్కడ అది ఎలా నిలిచిందో, ఎక్కడ కూలిందో తెలుగు పాఠకులు కూడా చూడవలసి ఉంది.

వీటిలో మొదట చెప్పుకోవలసినది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో 1970ల నడిమి కాలంలో మొదలైన ఒక పరిశీలన. అప్పటికి అక్కడ పరిశోధక విద్యార్థిగా ఉన్న యూరీ ట్రైస్‌మన్, మొదటి ఏడాది కలనగణితంలో చేరుతున్న నల్లజాతి విద్యార్థుల్లో సగానికి పైగా అట్టడుగు గ్రేడ్లయిన డి, ఎఫ్‌లతో మిగిలిపోతున్నారని గమనించాడు. అదే తరగతిలో చైనా సంతతి విద్యార్థులు బాగా రాణిస్తున్నారు. దీనికి కారణం ఏమిటని అధ్యాపకులను విచారిస్తే వచ్చిన జవాబులు నాలుగు మాటలకు కుదిరాయి: పట్టుదల లేకపోవడం, పాఠశాలలో సరైన తయారీ లేకపోవడం, చదువు మీద కుటుంబానికి శ్రద్ధ లేకపోవడం, పేదరికం. తెలుగునాట ఏ కళాశాలలో ఈ ప్రశ్న వేసినా వచ్చే జవాబులు కూడా దాదాపు ఇవే కావడం గమనార్హం.

ట్రైస్‌మన్ ఈ నాలుగు కారణాలనూ ఒక్కొక్కటిగా తరచి చూశాడు. నల్లజాతి విద్యార్థులు ఇరవైమందినీ, చైనా సంతతి విద్యార్థులు ఇరవైమందినీ ఎంచుకుని, వారు ఎక్కడ, ఎంతసేపు, ఎవరితో కూర్చుని చదువుతున్నారో నెలల తరబడి వారి వెంటే ఉండి పరిశీలించాడు. పట్టుదల లేదన్న మాట నిలవలేదు. ఆ విద్యార్థుల్లో చాలామంది తమ ఊరి పాఠశాలల్లో అగ్రస్థానాన నిలిచి, ఎన్నో అడ్డంకులు దాటి అక్కడికి చేరినవారు. కుటుంబానికి శ్రద్ధ లేదన్న మాట అంతకన్నా తేలిపోయింది; పిల్లలు పుట్టినప్పటి నుంచే కళాశాల చదువు గురించి కలలు కన్న తల్లిదండ్రులు వారివి. ఇక తయారీ సంగతి. ప్రవేశ పరీక్ష గణిత విభాగంలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న నల్లజాతి విద్యార్థులే కలనగణితంలో నెగ్గి, తక్కువ మార్కులవారు తప్పి ఉంటే 'పునాది' వాదానికి బలం చేకూరేది. జరిగింది అది కాదు. మంచి మార్కులతో వచ్చినవారిలోనే చాలామంది మొదట్లోనే దెబ్బతిన్నారు.

ఉన్న తేడా మరోచోట బయటపడింది. వారానికి నాలుగు గంటల తరగతికి ఎనిమిది గంటలు ఇంటిదగ్గర చదవాలన్న అధ్యాపకుడి సలహాను నల్లజాతి విద్యార్థులు అక్షరాలా పాటించారు. కాకపోతే ఎవరికి వారు ఒంటరిగా. చైనా సంతతి విద్యార్థులు మొదట విడివిడిగా లెక్కలు చేసి, తర్వాత భోజనాల దగ్గరో గదిలోనో కూడి, జవాబులు సరిపోల్చుకుని, ఒకరి తప్పు మరొకరు పట్టుకుని, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని వాదించుకునేవారు. వారి చదువు వారానికి సుమారు పద్నాలుగు గంటలు సాగేది. ఒంటరిగా చదివే విద్యార్థికి లెక్క రాకపోతే, అది కష్టమైన లెక్క కనుక రాలేదా, తనకు చేతకాక రాలేదా అన్నది తేల్చుకునే దారి ఉండదు. గుంపులో చదివేవాడికి ఆ లెక్క మిగిలిన అయిదుగురికీ రాలేదని పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ చిన్న తేడా ఒకరిని మరింత చదివిస్తుంది, మరొకరిని నోరు మూసుకుని మరో కోర్సుకు మారేలా చేస్తుంది.

దీని మీద ఆధారపడి 1970ల చివర బర్కిలీలో నెలకొల్పిన గణిత కార్యశాలల స్వరూపం 'పునాది' వాదులు జాగ్రత్తగా చూడవలసినది. అవి వెనకబడినవారికి పాత పాఠాలు మళ్ళీ చెప్పే తరగతులు కావు. తరగతిలో ఇచ్చేవాటికన్నా కఠినమైన లెక్కలను ఇచ్చి, అయిదారుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, అడిగినవెంటనే జవాబు చెప్పకుండా తోడుండే ఒక శిక్షకుడిని పెట్టారు. ప్రతిభావంతుల కోసం పెట్టిన గౌరవ తరగతులుగానే వాటిని పిలిచారు. అందులో చేరిన విద్యార్థులు, ఏ పునాదీ లేదని అంతకుముందు తీర్మానం పొందినవారే, తరగతి సగటుతో సమానంగానూ అంతకు మించిగానూ నిలిచారు. వారి పాఠశాలలు మారలేదు, కుటుంబాలు మారలేదు, ప్రవేశ మార్కులు మారలేదు. మారినదల్లా వారానికి కొన్ని గంటలు గణితంతో వారు గడిపే తీరు.

వడపోత వాదానికి ఎదురైన రెండో సాక్ష్యం 1997లో ఎలెయిన్ సీమోర్, నాన్సీ హ్యూయిట్ వెలువరించిన గ్రంథం. అమెరికాలోని ఏడు కళాశాలల్లో శాస్త్ర, గణిత, ఇంజినీరింగు కోర్సులను మధ్యలో వదిలిపోయినవారినీ, చివరి దాకా నిలిచినవారినీ ఇద్దరు పరిశోధకులు కూర్చోబెట్టి మాట్లాడించారు. ప్రవేశ పరీక్ష గణితంలో 800కు కనీసం 650 వచ్చినవారినే ఎంచుకున్నారు కనుక, వదిలినవారికి పునాది లేదనే మాటకు అక్కడ చోటే లేదు. వదిలినవారిలో పదికి తొమ్మిదిమంది బోధన అధ్వానంగా ఉందని చెప్పారు. వడపోత జల్లెడలో మిగిలిన 'గట్టి గింజలు' ఏమన్నారన్నది ఇంకా ముఖ్యం: వారిలోనూ నాలుగింట మూడు వంతులమంది అదే మాట అన్నారు. అంటే వెళ్లినవారూ నిలిచినవారూ ఒకే బోధనను భరించారు. ఒకరు ఓర్చుకున్నారు, ఒకరు ఓర్చుకోలేదు. ఓర్పును కొలిచే జల్లెడను ప్రతిభను కొలిచే జల్లెడగా ఇంతకాలం ప్రదర్శించారన్నమాట.

అభిప్రాయాలు వేరు, కొలతలు వేరని ఎవరైనా అనవచ్చు. భౌతికశాస్త్రంలో ఆ కొలతలు కూడా ఉన్నాయి. డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు 1992లో బల భావనల పరీక్ష ఒకటి రూపొందించారు; లెక్కలు, సూత్రాలు లేకుండా, న్యూటన్ నియమాలు నిజంగా తలకెక్కాయో లేదో మాత్రమే తేల్చే దాదాపు ముప్పై బహుళైచ్ఛిక ప్రశ్నలు అందులో ఉంటాయి. పెద్ద లారీ ఒక చిన్న కారును ఎదురుగా ఢీకొన్నప్పుడు ఏది దేని మీద ఎక్కువ బలం చూపుతుందన్నది వాటిలో ఒకటి. చర్యకు సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుందని ఇంటర్మీడియెట్ నుంచి వల్లించిన విద్యార్థి కూడా ఈ ప్రశ్న దగ్గర, కారు నుజ్జయిన దృశ్యం కళ్ళముందు కదిలి, లారీయే ఎక్కువ బలం చూపుతుందని గీత పెడతాడు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు ఈ పరీక్ష పెట్టినప్పుడు, మీరు చెప్పినట్టు రాయాలా, మేము అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థిని అడిగిన సంగతిని ఆయనే పలుచోట్ల చెప్పారు. 'పునాది' విషయంలో ప్రపంచంలో ఎవరూ వంక పెట్టలేని కళాశాల అది.

రిచర్డ్ హేక్ 1998లో ఈ పరీక్ష ఫలితాలను 62 కోర్సుల నుంచి, 6,542 మంది విద్యార్థుల నుంచి సేకరించి విశ్లేషించాడు. విద్యార్థులు వేర్వేరు స్థాయిల నుంచి వస్తారు గనుక ఆయన తుది మార్కులను చూడలేదు. కోర్సు మొదట్లో విద్యార్థికి తెలియనిదంతా ఎంతో, అందులో ఎన్నో వంతు కోర్సు ముగిసేసరికి తెలిసిందన్న నిష్పత్తిని లెక్క కట్టాడు. మొదట 40 మార్కులు వచ్చిన తరగతి చివర 70కి చేరితే, మిగిలిన 60లో 30 సంపాదించింది కనుక దాని వృద్ధి 0.5. పునాది తేడాను లెక్కలోనే తీసివేసే ఈ కొలతలో, కేవలం ఉపన్యాసంతో నడిచిన 14 కోర్సుల సగటు వృద్ధి 0.23, విద్యార్థులు ఆలోచించి, మాట్లాడి, వెంటనే తమ తప్పు తెలుసుకునేలా నడిచిన 48 కోర్సుల సగటు 0.48. ఉపన్యాస కోర్సుల్లో ఒక్కటి కూడా 0.3 దాటలేదు. పునాది గట్టిగా ఉన్న కళాశాలల ఉపన్యాసాలు కూడా ఆ గీత దగ్గరే ఆగాయి.

పదహారేళ్ల తర్వాత, 2014లో, స్కాట్ ఫ్రీమన్ బృందం శాస్త్ర, ఇంజినీరింగు, గణిత విషయాలన్నిటినీ కలుపుకుని 225 అధ్యయనాలను ఒక్కచోట చేర్చి లెక్కించింది. ఇలా విడివిడి అధ్యయనాల ఫలితాలను తూకం వేసి కలిపే పద్ధతిని సంయుక్త విశ్లేషణ అంటారు. ఉపన్యాస తరగతుల్లో నూటికి సుమారు 34 మంది తప్పగా, విద్యార్థి పాలుపంచుకునే తరగతుల్లో 22 మంది తప్పారు. తప్పినవారి సంఖ్యను ప్రమాణానికి గుర్తుగా చూసేవారు ఇక్కడ ఆగి ఒక లెక్క వేసుకోవాలి: ఆ నూరుమందిలో పన్నెండుమంది తలరాతను నిర్ణయించినది వారి పునాది కాదు, వారు ఏ గదిలో కూర్చున్నారన్నది. 2020లో ఎలి థియోబాల్డ్ బృందం ఇదే తరహాలో, చదువులో వెనకబాటుకు గురైన వర్గాల విద్యార్థులను ప్రత్యేకంగా చూసినప్పుడు, వారికీ మిగిలినవారికీ మధ్య ఉత్తీర్ణతలో ఉన్న అంతరం ఇలాంటి తరగతుల్లో 45 శాతం తగ్గినట్టు తేలింది. బోధన సరిగా లేనప్పుడు ఎక్కువ నష్టపోయేవారూ, బాగుపడినప్పుడు ఎక్కువ లాభపడేవారూ ఒక్కరే. పునాది బలహీనంగా ఉందని మనం వేలెత్తి చూపేవారే.

ఇదంతా అమెరికా సంగతి, ఇక్కడి బీఎస్సీ విద్యార్థి వేరు అన్న వాదన వస్తుంది. ఆ వాదనకు జవాబు చెప్పడానికి ఇక్కడి తరగతి గదిలోకే వెళ్లి చూడవచ్చు. రియల్ అనాలిసిస్ పేపరులో, ప్రతి అభిసరణ అనుక్రమం పరిబద్ధం అన్న సిద్ధాంతం ఉంటుంది. ఒక సంఖ్యా క్రమం ఏదో ఒక విలువ వైపు చేరుతూ పోతే, దాని పదాలన్నీ ఏవో రెండు హద్దుల మధ్యే ఉంటాయని దాని తాత్పర్యం. ఆ నిరూపణ నల్లబల్ల మీద ఎప్సిలాన్‌తో మొదలై పది పన్నెండు పంక్తుల్లో ముగుస్తుంది. విద్యార్థులు రన్నింగ్ నోట్సులో దించుకుంటారు. అది 'ఇంపార్టెంట్' అని గైడులో చుక్క గుర్తు ఉంటుంది. సెమిస్టరు పరీక్షలో అదే పది మార్కుల ప్రశ్నగా వస్తుంది. బట్టీ పట్టినవాడికి తొమ్మిది మార్కులు పడతాయి. అదే విద్యార్థిని, 1, −1, 1, −1 అని సాగే అనుక్రమం పరిబద్ధమా, అది అభిసరిస్తుందా అని అడిగితే తడబడతాడు. హద్దుల్లో ఉన్నంత మాత్రాన ఒక విలువకు చేరనక్కర్లేదన్న చిన్న సంగతి, సిద్ధాంతం అటు నుంచి ఇటు నిజమైనంత మాత్రాన ఇటు నుంచి అటు నిజం కాదన్న సంగతి, ఆ పది పంక్తుల నిరూపణలో అతనికి ఎక్కడా ఎదురు కాలేదు. ఈ లోటుకు ఇంటర్మీడియెట్‌ను తప్పుపట్టి లాభం లేదు. అనుక్రమాల అభిసరణను ఎప్సిలాన్‌తో నిర్వచించడం డిగ్రీలోనే మొదలవుతుంది. ఆ పునాది వేయవలసిన గది అదే.

ఇదే పాఠాన్ని మజూర్ 1991లో ప్రారంభించిన సహాధ్యాయి బోధన పద్ధతిలో నడిపితే ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. అధ్యాపకుడు సిద్ధాంతాన్ని పది నిమిషాలు వివరించి, పైన చెప్పిన అనుక్రమాన్ని నల్లబల్ల మీద రాసి, అభిసరిస్తుంది, అభిసరించదు, చెప్పలేము అని మూడు జవాబులు ఇస్తాడు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆలోచించి, ఒకటి, రెండు, మూడు అని వేళ్ళు చూపించాలి. జవాబులు చీలిపోతే పక్కవాడిని ఒప్పించమని రెండు నిమిషాలు వదిలేస్తాడు, తర్వాత మళ్ళీ వేళ్ళు ఎత్తిస్తాడు, ఆ తర్వాతే తాను వివరిస్తాడు. దీనికి కంప్యూటర్లు అక్కర్లేదు, స్మార్ట్ బోర్డు అక్కర్లేదు. పైగా ఆ రెండు నిమిషాల చర్చ తెలుగులోనే సాగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చిన తర్వాత, నోట్సు ఇంగ్లీషులో దించుకుని, తాను దించుకున్నదానికి అర్థం ఏమిటో ఎవరినీ అడగలేక కూర్చునే విద్యార్థికి, తన భాషలో ఆ భావన గురించి వాదించే అవకాశం దొరికేది బహుశా ఆ రెండు నిమిషాల్లోనే. భాష రాకపోవడాన్ని గణితం రాకపోవడంగా మూల్యాంకనం చేసి, దానికి పునాది లేమి అని పేరు పెట్టడం కూడా ఈ అభిప్రాయపు ఖాతాలో చేర్చవలసిన అన్యాయమే.

తరగతిలో తొంభైమంది ఉంటే ఇవన్నీ కుదరవన్న అభ్యంతరాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో, 2001లో నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ భాగస్వామిగా 2011లో ప్రచురితమైన ప్రయోగంలో, రెండు సెక్షన్లలో ఒక్కొక్కదానిలో 270 మంది దాకా విద్యార్థులు ఉన్నారు. ఒక సెక్షనుకు విద్యార్థుల మెప్పు పొందిన అనుభవజ్ఞుడైన అధ్యాపకుడు ఉపన్యాసం ఇచ్చాడు. రెండోదాన్ని అంతగా అనుభవం లేకపోయినా ఈ పద్ధతిలో శిక్షణ పొందిన యువ పరిశోధకుడు నడిపాడు. పాఠం ఒకటే, కాలం ఒక్క వారమే, పరీక్ష ఒకటే. మొదటి సెక్షను సగటు 41 శాతం, రెండోది 74 శాతం. అంటే అసలు సమస్య గది పరిమాణమూ కాదు, ఉపన్యాసకుడి గొంతూ కాదు.

అన్ని అభ్యంతరాల్లోకీ గట్టిది ప్రమాణాలకు సంబంధించినది. ఉత్తీర్ణత పెంచమంటే మార్కులు పెంచమనడమే కదా, సులభమైన పేపరు ఇచ్చి అందరినీ గట్టెక్కించమనడమే కదా అని అడిగేవారి అనుమానం ఊరికే పుట్టినది కాదు. ఫలితాల శాతం కోసం యాజమాన్యాలు చేసే ఒత్తిడిని, ఇంటర్నల్ మార్కులు ఎలా పడతాయో ఎరిగినవారికి ఆ భయం సహజం. కానీ పైన ఉదహరించిన ఫలితాల్లో ఏదీ పేపరు సులభం చేసి సాధించినది కాదు. బర్కిలీ కార్యశాల విద్యార్థులు రాసినది మిగిలిన తరగతి రాసిన పరీక్షే. ఫ్రీమన్ బృందం మార్కులను పోల్చినది ఒకే పరీక్షనో సమానమైన పరీక్షనో పెట్టిన అధ్యయనాల్లోనే. నిజానికి ప్రమాణాన్ని దిగజార్చిందెవరన్న ప్రశ్న తిరిగి వడపోత వాదుల గడప దగ్గరికే వస్తుంది. కంఠస్థం చేసిన నిరూపణకు తొమ్మిది మార్కులు వేసి, ఒక్క విలోమ ప్రశ్న కూడా అడగని ప్రశ్నపత్రంలో ఏ ప్రమాణం ఉంది? అలాంటి పేపరులో నలభైమంది తప్పినంత మాత్రాన అది కఠినమైన పేపరు కాదు. జ్ఞాపకశక్తిని కొలిచిన సులభమైన పేపరు, అంతే.

సిలబస్ పూర్తి కాదన్నది మరో అభ్యంతరం. అధ్యాపకుడు ముగించిన సిలబస్‌కూ, విద్యార్థికి అందిన సిలబస్‌కూ తేడా లేదని నమ్మేవారికి మాత్రమే ఇది అభ్యంతరంగా తోస్తుంది.

విద్యార్థులే ఇలాంటి తరగతులను ఇష్టపడరన్న మాటలో మాత్రం నిజం ఉంది. హార్వర్డ్‌లో జరిగి 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, పాలుపంచుకునే తరగతిలో కూర్చున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే భావించారు. అనర్గళమైన ఉపన్యాసం విన్నవారు అన్నీ అర్థమైనట్టు సంతృప్తి పడి, తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. లెక్కను వేరొకరు నల్లబల్ల మీద చేస్తుంటే చూసినవాడికి అది వచ్చేసినట్టే ఉంటుంది. తానే చేసి తప్పినవాడికి రానట్టు ఉంటుంది. కార్పొరేట్ కళాశాలల్లో రెండేళ్లపాటు చూసి దించుకోవడమే చదువుగా అలవాటైన విద్యార్థి, సార్ పాఠం చెప్పడం లేదు, మమ్మల్నే చెప్పమంటున్నారు అని ప్రిన్సిపాల్ దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదును బోధనపై తీర్పుగా తీసుకోకూడదన్నదే ఈ ప్రయోగం చెప్పేది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, గ్రూపులుగా కూర్చోబెట్టిన ప్రతి తరగతీ గొప్పదని అనుకుంటే అది మరో మూఢనమ్మకం అవుతుంది. అమెరికాలోనే ప్రాథమిక జీవశాస్త్ర కోర్సుల యాదృచ్ఛిక నమూనా మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఈ పద్ధతులను వాడుతున్నామని చెప్పుకున్న మామూలు అధ్యాపకుల తరగతుల్లో అదనపు లాభమేమీ కనబడలేదు. పద్ధతి పేరు పెట్టుకోవడం వేరు, విద్యార్థి ఎక్కడ పొరబడతాడో ఎరిగి ఆ చోటే ప్రశ్న వేయడం వేరు. ఇక్కడైతే కళాశాలలను మదింపు చేసే నాక్ బృందం వచ్చే ముందు చార్టులు పట్టుకుని ఫొటోలు దిగి, 'విద్యార్థి కేంద్రిత బోధన' అన్న దస్త్రంలో పెట్టుకునే ఆచారం ఉంది. దాని వల్ల దస్త్రం బరువు పెరిగిందే తప్ప వేరే లాభం ఎవరికీ కనబడలేదు.

'పునాది' వాదం నుంచే పుట్టిన చికిత్స మరొకటి ఉంది: పాత పాఠాలు మళ్ళీ చెప్పే బ్రిడ్జి కోర్సు. దీన్ని కూడా న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో నిక్కచ్చిగా పరీక్షించారు. గణితంలో వెనకబడ్డారని తేలి, ముందు ప్రాథమిక బీజగణితం పునశ్చరణ చేయవలసిన 907 మందిని లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేశారు. ఒక జట్టు ఆ పునశ్చరణ కోర్సే చదివింది. రెండోది అదే కోర్సును వారం వారం కార్యశాలతో కలిపి చదివింది. మూడోది పునశ్చరణ జోలికే పోకుండా, నేరుగా డిగ్రీ స్థాయి సాంఖ్యకశాస్త్రాన్ని కార్యశాలతో చదివింది. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి జట్టులో 39 శాతం, రెండో జట్టులో 45 శాతం, మూడో జట్టులో 56 శాతం ఉత్తీర్ణులయ్యారు. తర్వాతి సంవత్సరాల్లో డిగ్రీ పూర్తి చేసినవారు కూడా మూడో జట్టులోనే ఎక్కువ. సాంఖ్యకశాస్త్రం, బీజగణితం వేర్వేరు విషయాలు కనుక ఈ పోలిక సంపూర్ణం కాదన్న ఆక్షేపణలో న్యాయం ఉంది. రెండు, మూడు జట్ల మధ్య తేడాలో కొంత ఆ విషయాల తేడా కావచ్చు. అయినా పునాది లేనివాడు పై అంతస్తుకు ఎక్కలేడన్న వాదానికి, ఎక్కి చూపించిన ఆ 56 శాతం మందిని వివరించే బాధ్యత మాత్రం తప్పదు.

పాఠశాల చదువు నాణ్యతకు కళాశాల చదువుతో సంబంధమే లేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ప్రవేశ పరీక్షల కోసం బహుళైచ్ఛిక ప్రశ్నలను ఉరుకులు పరుగుల మీద సాధించడం నేర్పిన ఇంటర్మీడియెట్, వాక్యాల్లో తర్కించడం నేర్పదన్నది నిజమే. ఖాళీ పోస్టుల మధ్య, గంటల లెక్కన జీతం అందుకునే గెస్టు అధ్యాపకుల మీద ఆధారపడి కళాశాలలు నడుస్తున్నాయన్నదీ నిజమే. వారానికి ఇరవై గంటలు నల్లబల్ల ముందు నిలబడే ఒక్క మనిషి మీద నేరం మోపడం ఈ వాదన ఉద్దేశం కాదు. కానీ అధ్యాపకుడి నమ్మకానికి ఉన్న బరువును తక్కువ చేయలేము. ప్రతిభ పుట్టుకతో వచ్చేదనీ మారదనీ నమ్మే అధ్యాపకుల తరగతుల్లో వెనకబాటు వర్గాల విద్యార్థుల మార్కుల అంతరం, అలా నమ్మని అధ్యాపకుల తరగతుల్లోకన్నా రెట్టింపు ఉందని 2019లో 150 మంది అధ్యాపకులనూ, 15,000 మంది విద్యార్థులనూ పరిశీలించిన అధ్యయనం తేల్చింది. పునాది లేదన్న మాట విద్యార్థి స్థితిని వర్ణించడంతో ఆగదు. ఆ మాట పడిన తరగతిలో ఎవరిని ప్రశ్న అడగాలి, ఎవరి జవాబు కోసం ఆగాలి, ఎవరి ముందు కష్టమైన లెక్క పెట్టాలి అన్నవన్నీ దాన్ని బట్టే నడుస్తాయి.

పునాది వాదం నిజమో కాదో తేల్చుకోవాలనుకునే ఒక డిగ్రీ కళాశాల గణిత విభాగానికి అందుకు కావలసినవి ఇప్పటికే చేతిలో ఉన్నాయి. ఇంటర్మీడియెట్ మార్కులు ప్రవేశ దరఖాస్తుల్లో ఉన్నాయి. సెమిస్టరు మొదటి వారంలో, చివరి వారంలో ఒకే ప్రశ్నల చిట్టాను పెట్టి, వ్యాసరూప ప్రశ్నలు కాకుండా పైన చెప్పిన అనుక్రమం లాంటి ప్రశ్నలు అడిగి, రెండు సెక్షన్లలో ఒకదానిని ఎప్పటిలాగే, మరొకదానిని వేళ్ళు ఎత్తించి నడిపి, జవాబుపత్రాలను ఒకరి సెక్షనువి మరొకరు దిద్ది, తప్పినవారి ఇంటర్మీడియెట్ మార్కులనూ నెగ్గినవారి మార్కులనూ పక్కపక్కన రాసి చూడవచ్చు. దానికి యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు, ప్రత్యేక నిధులు అక్కర్లేదు, వచ్చే జూన్ దాకా ఆగనూ అక్కర్లేదు.